పరదేశమందు పండుగ, పొరుగింటి అన్నము

ఈ శతాబ్ది సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గము వారు మమ్మును కోరిరి. ఆలయములు కట్టబడిన సంవత్సరములు, సేవచేసిన గురువుల పేర్లు, బడులు, ఆసుపత్రుల వృత్తాంతములు వ్రాయుటకు మాకంటె యోగ్యులు అనేకులు గలరు. అందుచేత మేము వంటయింటి వైపు చూచితిమి. సంఘచరిత్రలో భోజనపు బల్ల దగ్గర జరిగిన సంగతులను సామాన్యముగా ఎవరును వ్రాయరు. అయితే సువార్త ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోయినప్పుడెల్ల రెండు ప్రశ్నలు దానివెంట పోయినవి. అక్కడివారు పెట్టిన అన్నము మనము తినవలెనా? మన ఇంటి పండుగను అక్కడ ఏలాగున చేసికొనవలెను?

ఈ ప్రశ్నలు పూర్వకాలపు మిషనరీలవి మాత్రమే కావు. ఈనాడు మన సంఘములలో కువైటులోనో, దుబాయిలోనో, అమెరికాలోనో బిడ్డలు లేని ఇల్లు అరుదు. క్రిస్మస్ ఆరాధన ముగియగానే గుడి బయట నిలువబడి, ఫోనులో కుమారుని ముఖము చూచుచు “ఏమి తింటివి నాయనా?” అని అడుగు తల్లులను మేము ప్రతి సంవత్సరము చూచుచున్నాము. ఆ తల్లి ప్రశ్నకు చరిత్రలో జవాబు ఉన్నదా అని వెదకుటయే ఈ వ్యాసము.

లేఖనముల సాక్ష్యము

దేవుని ప్రజల మొదటి పండుగ వారి స్వదేశములో జరుగలేదని మనము తరచుగా మరచుచున్నాము. ఇశ్రాయేలీయులు పస్కాను మొదట ఐగుప్తులో ఆచరించిరి (నిర్గమ 12). నడుము కట్టుకొని, చెప్పులు తొడుగుకొని, త్వరపడుచు తినిన పండుగ అది. పొంగని రొట్టెలు, చేదు కూరలు ఆనాటి విందు. అనగా మన విశ్వాసమునకు మూలమైన పండుగయే పరదేశములో పుట్టిన పండుగ.

తరువాత బబులోను చెర వచ్చెను. ఆ చెరలో భోజనమును గూర్చి రెండు మాటలు వినబడుచున్నవి. దానియేలు రాజు భుజించు భోజనము వద్దని, శాకధాన్యములు కోరెను (దానియేలు 1). యిర్మీయా ప్రవక్త చెరలో ఉన్నవారికి వ్రాసిన పత్రికలో, అక్కడనే తోటలు నాటుకొని వాటి ఫలములు తినుడనియు, ఆ పట్టణముయొక్క క్షేమము కొరకు ప్రార్థన చేయుడనియు చెప్పెను (యిర్మీయా 29). ఈ రెండును ఒకదానికొకటి విరోధములుగా కనబడును గాని అట్లు కాదు. దానియేలు తినిన శాకధాన్యములు కూడ బబులోను మట్టిలో పండినవే. ఆయన వద్దన్నది ఆ దేశపు పంటను కాదు, తన మనస్సును కొనజూచిన రాజు బల్లను. దేశపు అన్నమును తినవచ్చును, కాని దేవుని మరచుటకు వెలగా ఇయ్యబడు అన్నమును తినరాదు. ఈ భేదము తెలిసినవాడు ఏ దేశములోనైనను బ్రదుకగలడు.

క్రొత్త నిబంధన సంఘములో మొదటి పెద్ద వివాదములలో ఒకటి కూడ భోజనమును గూర్చినదే. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తినుచుండి, యెరూషలేమునుండి కొందరు వచ్చినప్పుడు భయపడి వెనుకకు తీసెను. పౌలు అందరి ఎదుట ఆయనను గద్దించెను (గలతీ 2). పేతురు బోధలో తప్పు లేదు. తప్పు ఆయన పంక్తిలో కనబడెను. ఈ సంగతి మన తెలుగు సంఘచరిత్రకు తాళపుచెవి వంటిదని మా అభిప్రాయము.

బంగళా బల్ల

1805లో లండన్ మిషనరీ సొసైటీవారి పక్షముగా జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ అను ఇద్దరు విశాఖపట్టణము చేరిరి. 1809లో ఒకరు, 1810లో ఒకరు ఇక్కడనే కన్నుమూసిరి. ఆ కొద్దికాలములోనే ఆనందరాయరు సహాయముతో సువార్తలను తెలుగులోనికి తర్జుమా చేయ మొదలుపెట్టిరి. ఆ రోజులలో ఇంగ్లండునుండి ఓడ ఆఫ్రికా ఖండమును చుట్టి రావలెను, ప్రయాణము నెలల తరబడి సాగెడిది. ఇంటి ఆహారము ఓడలో తెప్పించుకొని బ్రదుకుట సామాన్యులకు సాధ్యము కాదు. కాబట్టి ఆ తరపు తెల్లవారు ఈ దేశపు అన్నమునకు, కూరకు, పులుసుకు అలవాటుపడిరి. మిరియాల చారును తమిళులు మిళగు తణ్ణీర్ అందురు. ఆ మాటయే దొరల నోట మల్లిగటాని యయ్యెను.

1869లో సూయజ్ కాలువ తెరువబడెను. ప్రయాణము వారముల లెక్కకు వచ్చెను. డబ్బాలలో నిల్వచేసిన మాంసము, చేపలు, కూరలు మద్రాసు అంగళ్లకు విరివిగా దిగినవి. 1878లో మద్రాసు సైన్యమునకు చెందిన కెన్నీ హెర్బర్ట్ అను అధికారి వైవర్న్ అను కలముపేరుతో ఒక వంటల పుస్తకము ప్రచురించెను. పూర్వకాలపు ఘాటైన కూరలు దొరల విందు బల్లలనుండి క్రమక్రమముగా తొలగిపోయినవని ఆయన అందులో చెప్పెను. దారి దగ్గరయైన కొలది మనుష్యులు దూరమైరి. స్వదేశమునుండి ఏమియు రాని రోజులలో పొరుగువాని కుండలో చేయిపెట్టిన జాతి, అన్నియు వచ్చుచున్న రోజులలో తన బల్లను వేరు చేసికొనెను.

మిషనరీల బంగళా కూడ ఆ గాలి వీచుచున్న కాలములోనే లేచినది. వారిని మేము నిందించుట లేదు. కలరాకు, విషజ్వరములకు బిడ్డలను అప్పగించి ఈ మట్టిలో పాతిపెట్టిన తలిదండ్రులు నీళ్లను చూచినను భయపడుదురు. తీరప్రాంతపు పాత సమాధుల తోటలలో చిన్న సమాధులను చూచినవారు ఆ భయమును అర్థము చేసికొందురు. అయినను భయము ఏ కారణమున వచ్చినను, గోడ గోడయే.

ఇక మన వైపు గోడ మరింత ఎత్తుగా ఉండెను. రాబర్ట్ నోబుల్ 1841లో మచిలీపట్టణము వచ్చి, 1843లో బడి పెట్టి, 1865లో అక్కడనే మరణించువరకు ఒక్కసారియైనను స్వదేశము పోలేదు. ఇరువదినాలుగు క్రిస్మస్‌లు ఆయన పరదేశములో గడపెను. 1852లో ఆయన విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మము పొందగా పట్టణమంతయు అల్లకల్లోలమై బడి దాదాపు ఖాళీయాయెను. కులము విడిచినవాడు తల్లి ఇంటి పంక్తిలో కూర్చుండుటకు వీలులేని దినములవి. గురువు సముద్రము దాటి పరదేశియయ్యెను. శిష్యులు వీధి దాటకయే పరదేశులైరి. నోబుల్ గారి త్యాగమును మనము తరచుగా స్మరించుచున్నాము. తల్లి చేతి ముద్దను పోగొట్టుకొనిన ఆ పడుచువారి త్యాగమును కూడ స్మరించుట న్యాయము.

తమిళనాటినుండి వచ్చిన పరదేశి

భోజనపు బల్లను గూర్చిన ఈ సంగతిని ప్రపంచ సంఘము ఎదుట ధైర్యముగా పలికినవారు మన తెలుగుసీమకు సేవకుడుగా వచ్చిన వేదనాయకము శామ్యూల్ అజరయ్య గారు. 1874లో తిరునెల్వేలి ప్రాంతపు వెళ్లాళన్‌విళై అను గ్రామములో జన్మించిరి. తల్లిభాష తమిళము. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు భారతీయుల ధనముతో, భారతీయుల చేతులతో, భారతీయుల నడిపింపుతో పనిచేయు మిషనరీ సంఘమును స్థాపించినప్పుడు వారిలో ఆయన ముఖ్యులు. ఆ సంఘము ఎన్నుకొనిన పొలము దాదాపు వేయి కిలోమీటర్ల దూరమున నిజాము రాజ్యములో ఉన్న డోర్నకల్. 1909లో ఆయన స్వయముగా అక్కడికి వచ్చిరి.

ఈనాడు రైలెక్కి ఒక రాత్రి, ఒక పగలు ప్రయాణము చేసినవారికి అది పరదేశమని తోచదు. ఆనాడు నిజాము రాజ్యమునకు వేరు నాణెము, వేరు తపాలా బిళ్ల ఉండెను. భాష వేరు. తామ్రపర్ణి పారు వరిసీమకు డోర్నకల్ చుట్టుపట్ల జొన్నరొట్టె, గటుక, అంబలి తిను పల్లెలు చాల దూరము. ముప్పది దాటిన వయస్సులో ఆయన తెలుగు అక్షరములు దిద్దుకొని, ఆ పల్లెల మధ్య ఎద్దుబండి మీద తిరిగిరి.

మరుసటి సంవత్సరము, 1910 జూన్ మాసమున స్కాట్లండు దేశపు ఎడింబరో పట్టణములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. వచ్చిన ప్రతినిధులు సుమారు 1,200 మంది. ఆసియావారిని వ్రేళ్లమీద లెక్కించవచ్చును. అక్కడ అజరయ్య గారు మిషనరీలకును భారతీయ సేవకులకును మధ్యనున్న దూరమును గూర్చి మాటలాడిరి. కరచాలనము, కుర్చీ వేయుట, భోజనమునకు, తేనీటికి పిలుచుట, వీటిని వీటి నిమిత్తము అడుగుట లేదనియు, స్నేహమునకు గురుతులైనయెడల వీటిని, వీటికి మించినవాటిని కూడ అడుగుచున్నాననియు వారు విన్నవించిరి. మీరు ధనమిచ్చితిరి, ప్రాణమిచ్చితిరి, ఇక స్నేహితులను ఇయ్యుడని అడిగిరి. సభలో కొందరు నొచ్చుకొనిరి. కాని ఆ మహాసభను గూర్చి ఎవరు వ్రాసినను ఈ ప్రసంగమును తలంపక పోరు. అంతియొకయలో పౌలు చేసిన పనిని ఒక తమిళ సోదరుడు తెలుగు పల్లెలనుండి వెళ్లి ఎడింబరోలో చేసెను.

1912 డిసెంబరు 29వ తేదీన, క్రిస్మస్ దినములు గడవక మునుపే, కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన డోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో బిషప్పయిన మొదటి భారతీయుడు ఆయనే. డోర్నకల్ కథీడ్రల్ అనేక సంవత్సరములు కట్టబడి 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. అది ఎపిఫనీ, అనగా ప్రత్యక్షతా పండుగ. తూర్పుదేశపు జ్ఞానులు పరదేశమునకు కానుకలు తెచ్చిన దినము. పరదేశిగా వచ్చినవాడు పరదేశుల పండుగనాడు ఆలయమును దేవునికి అప్పగించెను. ఆ ఆలయములో దక్షిణదేశపు గుడి స్తంభము, ముసల్మానుల గుమ్మటము ఒక్కచోట ఇమిడియున్నవి. అజరయ్య గారు తిరిగి తిరునెల్వేలికి కాపురము పోలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే నిద్రించిరి.

పండుగ మనదైన విధము

మిషనరీలు తెచ్చిన పండుగలు మన ఇంటి పండుగలు ఎట్లాయెను? ఇది ఎవరి ఆజ్ఞవలనను జరుగలేదు. మన అవ్వలు తమ పొయ్యిమీద చేసిన పని ఇది.

కోతపండుగను తీసికొందము. ఇంగ్లండులో ఈ పండుగ ఇప్పటి రూపములో చాల పాతది కాదు. 1843లో కార్న్‌వాల్ ప్రాంతములోని మార్వెన్‌స్టో గ్రామములో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అను గురువు మొదలుపెట్టిన ఆరాధననుండి అది ఊరూర వ్యాపించెను. అక్కడ గోధుమ కోత అయిన పిమ్మట, సెప్టెంబరు, అక్టోబరు మాసములలో చేయుదురు. ఇక్కడికి వచ్చిన తరువాత పండుగ తన తేదీని విడిచిపెట్టి మన పంట తేదీని పట్టుకొనినది. వరి కోసిన ఊరిలో వరికి, జొన్న కోసిన ఊరిలో జొన్నకు తగినట్లుగా అది జరుగుచున్నది. గోధుమ రొట్టె బదులు వరికంకుల గుత్తి, గుమ్మడికాయ, చెరకుగడ, కాళ్లు కట్టిన కోడిపుంజు ఆలయములోనికి వచ్చెను. ఆరాధన కాగానే వేలము. ఏమియు లేని విధవరాలు తెచ్చిన నాలుగు కోడిగ్రుడ్లకు ఊరి పెద్దరైతు పోటీపడి పాడిన పాటను చూచినవారు, ఇది కార్న్‌వాల్‌నుండి వచ్చిన పండుగ అని నమ్మగలరా?

క్రిస్మస్ నక్షత్రమును చూడుడు. జర్మనీ దేశపు మొరేవియను సంఘస్థులు 19వ శతాబ్దములో తమ బడి పిల్లలచేత చేయించిన కాగితపు నక్షత్రము లోకమంతయు తిరిగెను. మన పల్లెలో వెదురుబద్దలు, రంగుకాగితము, మైదాపిండి జిగురు దొరికినవి. లోపల చిన్న దీపము. ఇంటి కప్పుకు కట్టిన గడమీద ఆ నక్షత్రము వెలిగినదనగా ఆ ఇల్లు క్రైస్తవుల ఇల్లని దారిపోవు ప్రతివానికిని తెలియును. వారి ఫర్ వృక్షము మనకు లేదు గనుక తీరమున సరుగుడు కొమ్మ నరికి నిలువబెట్టిరి.

ఇక పిండివంటలు. అరిసెలు, గారెలు, బూరెలు, కజ్జికాయలు, తెలంగాణములో సకినాలు, ఇవి మన పితరులు క్రైస్తవులు కాకమునుపే చేసికొనినవి. కొత్తబియ్యము, కొత్తబెల్లము ఇంటికి వచ్చు కాలము డిసెంబరు, జనవరి మాసములే. సంక్రాంతికి పొయ్యిమీద ఎక్కు మూకుడు క్రైస్తవుల ఇంట మూడు వారములు ముందుగా ఎక్కినది, అంతే. తడిబియ్యము దంచి, పాకము పట్టి, అరిసెను నూనెలో వేసి, తీసి, రెండు చెక్కలమధ్య నొక్కు ఆ చేతులకు ఎవరును క్రిస్మస్ వంట నేర్పలేదు. అయితే ఆ పళ్లెము పొరుగింటికి పోయినప్పుడు, సంక్రాంతికి వారి పళ్లెము మన ఇంటికి వచ్చినప్పుడు, రంజానుకు సాయిబుగారి ఇంటినుండి షీర్ ఖుర్మా వచ్చినప్పుడు, పండుగ ఊరిలో వేరుపట్టినదని తెలిసికొనవలెను.

మరియొక మాట. మన సొంతమని మనము గర్వించు ఆహారము కూడ ఒకప్పుడు పరదేశియే. మిరపకాయ 16వ శతాబ్దములో పోర్చుగీసువారివలన అమెరికా ఖండమునుండి ఈ దేశము చేరినది. గుంటూరు మిరప లేని తెలుగు భోజనమును ఎవరు ఊహింపగలరు? టమాట, మొక్కజొన్న, వేరుశనగ కూడ ఆ ఖండపు సంతానమే. కాబట్టి పరాయి పంటను మనదిగా చేసికొనుట మనకు కొత్త విద్య కాదు.

మెదకు ఆలయము ఈ సంగతికి రాతిలో కట్టిన సాక్ష్యము. కరవు దినములలో ప్రజలకు పని చూపి అన్నము పెట్టుటకై వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు ఆ కట్టడము సాగించిరి. 1924 డిసెంబరు 25న, సరిగా క్రిస్మస్ దినముననే, అది ప్రతిష్ఠింపబడెను. అన్నము కొరకు రాయి మోసినవారి మనుమలు, మునిమనుమలు, వారితోకూడ ఇతర మతస్థులు సహా లక్షలకొలది జనులు నేడు ఆ దినమున అక్కడికి వచ్చుచున్నారు. ఒక ఇంగ్లీషువాని ఇంటి పండుగ మెదకు సీమకు జాతర యయ్యెను. అది అన్నముతో మొదలైనందువలననే అట్లాయెనని మేము తలంచుచున్నాము.

మనవారు పరదేశులైనప్పుడు

ఇంతవరకు వచ్చినవారిని గూర్చి చెప్పితిమి. ఇక పోయినవారు. గోదావరి కడలిలో కలియుచోట, కాకినాడ దగ్గరనున్న కోరంగి రేవునుండి 1843లో కోరింగా పాకెట్ అను ఓడ తెలుగు కూలీలను మారిషస్ ద్వీపమునకు తీసికొనిపోయెను. ఆ రేవు పేరునుబట్టియే అక్కడ తెలుగువారికి కోరంగీలను పేరు వచ్చినది. చెరకుతోటలలో వారి మనుమలు తెలుగు మాట చాలవరకు మరచిరి గాని ఉగాదిని మరువలేదు. ఈనాడు ఆ దేశములో ఉగాది ప్రభుత్వ సెలవుదినము.

దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మొదటి కూలీల ఓడ ట్రూరో మద్రాసునుండి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరెను. అది మొదలుకొని 1911 వరకు 1,52,000 మందికి పైగా భారతీయులు ఒడంబడిక కూలీలుగా ఆ దేశమునకు పోయిరి. వారిలో విశాఖపట్టణము, గోదావరి, కృష్ణ, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు అనేకులు. యజమాని బియ్యము, పప్పు, ఉప్పుచేప, నూనె కొలచి ఇయ్యవలెనని కట్టడ. కాని బియ్యము కొనవలసిన వస్తువు, మొక్కజొన్న అక్కడ పండు పంట. అందుచేత బియ్యమునకు బదులు మొక్కజొన్న పిండి అనేకమారులు వచ్చెడిది. మన స్త్రీలు ఏడ్చి ఊరకుండలేదు. మొక్కజొన్నను బియ్యపు గింజలంత నూకగా విరిచి, అన్నమువలె వండి, పప్పు పోసి పెట్టిరి. మీలీ రైస్ అను పేరున అది నేటికిని అక్కడి భారతీయుల ఇండ్లలో ఉన్నది. ఆకలి నేర్పిన వంట తరువాత ఇష్టమైన వంట యగుట మానవచరిత్రలో పెద్ద ఆశ్చర్యము.

పండుగల సంగతి మరియు విచిత్రము. ఆ తోటలలో భారతీయులకు ఇచ్చిన ముఖ్యమైన సెలవు మొహర్రమ్. పీరుల ఊరేగింపులో హిందువులును కలిసి నడిచెడివారు. తెల్లవారు దానిని ఎగతాళిగా కూలీల క్రిస్మస్ అని పిలిచిరి. తమ ఇంటి పండుగ పేరునే పరుల పండుగకు తిట్టుగా వాడిరి! ఆ తిట్టులో ఒక సత్యము వారికి తెలియకుండ దాగియున్నది. నిజమైన మొదటి క్రిస్మస్ రాత్రివేళ మంద కాచుకొను కూలివారికే గదా ప్రకటింపబడినది.

అట్టి కాలమున, 1903లో, నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్తిస్టు సంఘములు తమ సొంత మిషనరీగా జాన్ రంగయ్య గారిని నేటాలు తెలుగువారియొద్దకు పంపినవి. అదే 1903లోనే తిరునెల్వేలివారు డోర్నకల్ పొలమునకు దారితీసిన సంఘమును స్థాపించిరని పైన చెప్పితిమి. భారతీయ సంఘము తన బిడ్డలను తానే పరదేశమునకు పంపుట నేర్చుకొనిన సంవత్సరమది. ఆ డిసెంబరు చివరి వారములో, కియర్‌స్నీ తేయాకు తోటల ప్రాంతములో, రంగయ్య గారి సేవవలన మొదటి తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడెను. అక్కడ డిసెంబరు అనగా మండుటెండలు. మంచు పండుగగా ఇంగ్లండులో పెరిగిన క్రిస్మస్, చలికాలపు పండుగగా తెలుగునాట స్థిరపడి, వేసవి పండుగగా ఆఫ్రికాలో తెలుగు పాట పాడినది. దేశము మారినను, ఋతువు మారినను, వంట మారినను, పండుగ పండుగగానే నిలిచెను.

నేడు గల్ఫు దేశములలోని మన బిడ్డలు ఇదే పాఠమును తిరిగి నేర్చుకొనుచున్నారు. కువైటు వంటి దేశములలో క్రిస్మస్ సెలవు కాదు. పనిదినమున పడిన పండుగను దగ్గరి శుక్రవారమునకు మార్చుకొని ఆరాధించుచున్నారు. వారమంతయు ఖుబ్బూసు రొట్టె తిని, ఆ ఒక్క దినమున పదిమంది కలిసి ఒక గదిలో అన్నము, కోడికూర వండుకొని, ఆకలితోనున్న బంగ్లాదేశపు పొరుగువానిని, నేపాలీ పొరుగువానిని పిలిచి పెట్టుచున్నారు. సెలవుమీద ఇంటికి వచ్చిన ఒక పడుచువాడు, “అయ్యగారూ, ఇక్కడ ఉన్నప్పుడు పండుగకు ఎవరు పిలుస్తరా అని చూసేటోన్ని. అక్కడ ఎవరిని పిలుద్దామా అని చూస్తున్న” అని మాతో చెప్పెను. ఆ మాటలో ఒక ప్రసంగమంత ఉన్నది.

మా తప్పు

ఇతరుల చరిత్ర వ్రాయువాడు తన పంక్తిని కూడ చూచుకొనవలెను. వేదాంత కళాశాల విడిచి మొదటి పాస్టరేటుకు వెళ్లిన సంవత్సరము మేము ఒక పల్లెలో ఇండ్ల దర్శనము చేయుచుంటిమి. మధ్యాహ్నమైనది. ఒక వృద్ధురాలు పీట వేసి, కంచములో జొన్న గటుక, పచ్చిపులుసు పెట్టి మా ముందుంచెను. ఆ నీళ్లు ఎక్కడివో, కడుపుకు పడునో పడదో అని తలంచి, “ఇప్పుడే తిని వచ్చితిమమ్మా” అని అబద్ధమాడితిమి. ఆమె కంచము తీసి ప్రక్కన పెట్టి, “మా ఇంట్ల గటుక మీకు సయిస్తదా అయ్యగారూ, నాకు తెలుసు” అనెను. కోపము లేదు. నిష్ఠురము లేదు. అలవాటైన మాటవలె అనెను. అదియే మమ్మును ఎక్కువగా బాధించినది. ఎడింబరో ప్రసంగమును పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనినవారము మేము!

ఆ డిసెంబరులో మరల ఆ ఇంటికి పోయి, అమ్మా ఆకలియగుచున్నదని మేమే అడిగితిమి. ఆమె నవ్వి గటుక పెట్టెను. మాకేమియు కాలేదు. క్రిస్మస్‌నాడు ఆమె నాలుగు సకినాలు కొంగున కట్టుకొని మా ఇంటికి వచ్చి, పిలువకుండనే లోపలికి వచ్చి కూర్చుండెను. అంతవరకు ఆమె మా వాకిలి దాటి లోపలికి వచ్చినది లేదు. మేము ఆమె ఇంట తినినందుననే ఆమె మా పండుగలో కూర్చుండగలిగెను. ఈ వ్యాసమునకంతటికిని మూలము ఆ నాలుగు సకినాలే.

నూరేండ్ల తరువాత

చరిత్ర మనకు నేర్పునది ఇది. పరదేశములో ఉన్నవాడు తన పండుగను విడువనక్కరలేదు. విడిచినవాని బిడ్డలకు రెండవ తరమున తామెవరో తెలియదు. అయితే పొరుగువాని అన్నమును ప్రేమతో తినినప్పుడే తన పండుగ పొరుగువానికి కూడ పండుగ యగును. బల్లను వేరుచేసికొనినవాని పండుగ బంగళా గోడలోపలనే ముగిసిపోవును.

ఇప్పుడు మన ఊరికే పరదేశులు వచ్చియున్నారు. మన ఇటుకబట్టీలలో పశ్చిమ ఒడిశానుండి భార్యాబిడ్డలతో వచ్చినవారు పనిచేయుచున్నారు. పుష్య పున్నమినాడు వారి ఊరిలో కొత్త ధాన్యపు పండుగ. వారు మాత్రము ఇక్కడ మట్టి తొక్కుచుందురు. పట్టణములలో బీహారునుండి, బెంగాలునుండి వచ్చిన పడుచువారు కట్టడపు పనులలో ఉన్నారు. వారి బట్టీ దగ్గరకు మన సంఘములు క్రిస్మస్‌కు దుప్పట్లు తీసికొనిపోవుచున్నవి. మంచిదే. కాని వారు వండినది ఒక ముద్ద కూర్చుండి తినినవారు మనలో ఎందరు? దుప్పటి ఇయ్యవచ్చును, ఫోటో తీయించుకొనవచ్చును. అజరయ్య గారు అడిగినది దుప్పటి కాదు, స్నేహితుని. ఆనాడు మనము అడిగినదానిని ఈనాడు మనలను వారు అడుగుచున్నారు.

కాబట్టి ఈ శతాబ్ది పండుగనాడు మేము చేయు మనవి చిన్నది. ప్రతి సంఘమును సంవత్సరములో ఒక్కసారియైనను పరప్రాంతమునుండి వచ్చినవారి వంట తిని, వారి పండుగ దినమేదో అడిగి తెలిసికొనవలెను. పరదేశములో బిడ్డలున్న తలిదండ్రులు, అక్కడ నీకు ఎవరు పెట్టుచున్నారని మాత్రమే కాక, నీవు ఎవరికి పెట్టుచున్నావని కూడ అడుగవలెను.

ఎమ్మాయు గ్రామములో ఇద్దరు శిష్యులు ఒక పరదేశిని లోపలికి రమ్మని బలవంతము చేసిరి. అతిథిగా వచ్చినవాడు వారి రొట్టెను పట్టుకొని విరిచెను, అప్పుడు వారి కన్నులు తెరువబడెను (లూకా 24). రొట్టె వారిదే, బల్ల వారిదే, పండుగ మాత్రము ఆయనతో వచ్చెను. మన అధ్యక్ష ఖండపు రెండవ నూరేండ్లలో మన బల్లలయొద్ద అట్టి అతిథులకు చోటుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయునుగాక. ఆమేన్.